పరుగు మరిగిన గుర్రం

వెనకనుంచి ఇంకో గుర్రం డెక్కల చప్పుడు వినిపించకూడదు, అంతే. ఇంకేదైనా ఫరవాలేదు. లారీ చెవులు పగిలేలా హారన్ కొట్టినా, ఈ మధ్యే దిగిన ఆటోలు పక్కనుంచి డబడబమంటూ దూసుకుపోయినా, స్టేషన్లో ఇంజను ఆవిరి వదిలి కూత పెట్టినా ఈ గుర్రం చెవి కూడా కదపదు. రాజమల్లు పగ్గాలను రెండు చేతులకూ చెరో మెలికా వేసుకుని, ముందున్న రోడ్డు మీద కళ్లు, వెనకున్న రోడ్డు మీద ప్రాణం పెట్టుకుని కూర్చున్నాడు. అడుగున గుర్రం మేతకు గడ్డి పరిచిన టాంగా నిండా పిల్లలు. రైల్వే క్వార్టర్ల దగ్గర కొందరు, గిర్మాజీపేట సందుల్లో కొందరు, ఎక్కినవాళ్లు ఎక్కినట్టే సంచులు ఒళ్లో పెట్టుకుని ఒకళ్ల మీద ఒకళ్లు పడి కూర్చున్నారు. అందరూ హన్మకొండలో మిషన్ బడికి పోయేవాళ్లే. వెనక తట్టు అంచున లిదియా టీచరమ్మ, ఒకటో తరగతికి చదువు చెప్పే ఆవిడ, పిల్లలు జారిపోకుండా చెయ్యి అడ్డం పెట్టి కూర్చుంది. రాత్రంతా కురిసి తెల్లారాక ఆగిన వాన. రోడ్డు నల్లగా, నున్నగా మెరుస్తోంది. తడి రోడ్డు మీద లాడాలు జారితే ఏమవుతుందో రాజమల్లుకు తెలుసు. తెలియకపోతే బాగుండేది. తెలియని వాళ్లంతా ఎంత హాయిగా ఉన్నారు.

హాయిగానే ఉన్నారు మరి. స్టేషన్ ముందర టాంగాలవాళ్లు దీన్ని రేసుగుర్రం అని పిలుస్తారు. పిల్లల తండ్రులు వచ్చి దాని మెడ నిమిరి, మా పిల్లలు రేసుగుర్రం బండిలో పోతున్నారని చెప్పుకుంటారు. ఇంట్లో సోమక్కకైతే అది గుర్రం కాదు, ఇంటికొచ్చిన కోడలు. హైదరాబాదులో దాని పేరు సిల్వర్ బెల్ అని చెబితే, ఆ పేరు నోరు తిరగక, సిల్వర్ అంటే వెండే కదా అని "ఎండీ, ఎండీ" అంటూ దానికి మక్కలు తినిపిస్తుంది. ఎండి నిజంగానే మంచిది. పిల్లవాడు తోక లాగినా ఊరుకుంటుంది. మంచిదే, మంచిదేనని రాజమల్లు లోపల జపంలాగా అనుకున్నాడు, పోచమ్మ మైదానం మలుపులో పగ్గం సుతారంగా ఎడమకు తిప్పుతూ. తండ్రి కాలంనుంచి ఈ రోడ్డు మీద టాంగా తోలుతున్నవాడు, మొండి గుర్రాలను మచ్చిక చేసినవాడని పేరున్నవాడు, తను తోలే గుర్రమంటే తనకే భయమని ఎవరితో చెప్పుకోవాలి? చెప్పుకుంటే రేపు పిల్లలనెవరు ఎక్కిస్తారు? చెప్పుకోకపోతే, పిల్లలను ఎక్కించుకున్నప్పుడల్లా ఈ భయం తనొక్కడే మోయాలి.

ఎండాకాలంలో ముసలి గుర్రం చచ్చిపోకపోతే ఇదంతా లేదు. సోమక్క తమ్ముడు కొమురెల్లి హైదరాబాదులో రేసుగుర్రాలకు మాలీషు చేసే పనిలో ఉన్నాడు. పరుగుకు పనికిరాని గుర్రాలను వదిలించుకుంటారు బావా, వచ్చి చూడు, అని కబురు పంపాడు. రాజమల్లు వెళ్లిన నాడే పందేలు. గుర్రప్పందెం అన్న మాట వినడమే తప్ప అదెలా ఉంటుందో అంతవరకు చూసినవాడు కాడు. కొమురెల్లి కటకటాల పక్కన నిలబెట్టి ఒక్కొక్కటీ చూపించాడు. ముందు గుర్రాలను గుండ్రంగా నడిపిస్తారు, జనం చుట్టూ నిలబడి కాళ్లు, ఛాతీ చూసుకుంటారు. జాకీలను జీనుతో సహా కాటా మీద నిలబెట్టి తూస్తారు, ఏ గుర్రం ఎంత బరువు మోయాలో ముందే రాసి ఉంటుందట, అంతకు తగ్గకూడదట. రంగురంగుల పట్టుచొక్కాలు వేసుకున్న ఆ జాకీలు పిడికెడంత మనుషులు, జీను మీద కూర్చోరు, గాలిలో వంగి నిలబడతారు. ఇనుప గేట్లలో ఒక్కో గుర్రాన్నీ దూర్చి మూస్తారు, అన్నీ ఒక్కసారి తెరుచుకుంటాయి. గుర్రానికి బహుమతి తెలియదు బావా, మనం ఎందుకు అరుస్తామో కూడా తెలియదు, అన్నాడు కొమురెల్లి. దానికి తెలిసింది ఒక్కటే. ముందర ఇంకో తోక కనబడొద్దు, వెనకనుంచి ఇంకో డెక్క దగ్గరికి రావొద్దు. పాలు మరిచిన నాటినుంచి నేర్పేది అదొక్కటే. రాజమల్లుకు అప్పుడది ముచ్చటగా అనిపించింది. గేట్లు తెరుచుకున్నాయి. భూమి కదిలినట్టు చప్పుడు. ఆ చప్పుడు చెవులకు కాదు, అరికాళ్లకు వినిపించింది. అన్నీ ఒకే ముద్దగా మలుపు తిరుగుతున్నాయి, కటకటాల లోపల తెల్ల మోటారొకటి గుర్రాల పక్కనే పరుగెత్తుతోంది, అదెందుకని అడగబోయాడు, అడిగేలోపే ముద్దలోనుంచి ఒకటి విడిపోయింది. విడిపోలేదు, మాయమైంది. వెనక వచ్చేవి దాని మీదినుంచి దూకాయి. ఆకుపచ్చ చొక్కా జాకీ బంతిలాగా దొర్లి దొర్లి ఆగాడు, ఆగాక కదల్లేదు. గుర్రం లేవాలని చూసింది. మూడు కాళ్ల మీద లేచి నాలుగోది మోపింది, అది మోకాలి కింద ఎటు తిరిగి ఉందో...

ఎటు తిరిగి ఉందో తలుచుకోవద్దు. ఇప్పుడు వద్దు. "మామా, జర ఉరికియ్యవా," అంటోంది వీపు వెనకనుంచి ప్రమీల, రైల్వే గార్డు బిడ్డ, పిల్లలందరిలోకీ చిన్నది. రాజమల్లు నవ్వాననుకున్నాడు. ఆనాడు పందెంలో ఆ గుర్రం పడ్డాక నలుగురు పరుగున వచ్చి దాని చుట్టూ పచ్చటి గుడ్డ అడ్డం కట్టారు. జనం అటు చూడడం మానేశారు. గుడ్డ వెనకనుంచి ఒక్కటే చప్పుడు, టపాకాయ లాంటిది, కాలు విరిగిన గుర్రాన్ని తుపాకీతో కాల్చేస్తారట. మైకులో తరువాతి పందెం గుర్రాల పేర్లు చదువుతున్నారు. రాజమల్లుకు ఆ రోజు అక్కడితో ఆగిపోయింది. ఆ తరువాత ఏం చూశాడో, ఏం తిన్నాడో, ఎప్పుడు చీకటి పడిందో అడిగితే చెప్పలేడు. ఎన్నిసార్లు తలుచుకున్నా ఆ పచ్చగుడ్డ దగ్గరికి వచ్చి ఆగిపోతుంది. ఆ పడిన దాని మీదినుంచి దూకినవాటిలో ఎండి ఒకటి. ఆ రోజు అన్నిటికంటే వెనక వచ్చిందట, ఆ తరువాత మళ్లీ గెలవలేదట, అందుకే కొన్నాళ్లకు టాంగాకు దక్కింది. లారీ ఎక్కిస్తూ కొమురెల్లి చెప్పిన మాట: "బావా, దీనెనక ఇంకో గుర్రం రాకుంట చూస్కో. వస్తే గుంజి ఆపుదామనుకోకు, అది ఆగది." మరి ఎట్ల ఆగుతుందో వాడు చెప్పలేదు. తను అడగలేదు. లారీ కదిలిపోయింది.

ఒక్కసారి చూశాడు కూడా. వచ్చిన కొత్తలో, సాయంత్రం ఖాళీ బండి, కాశీబుగ్గ దగ్గర పెళ్లి ఊరేగింపు గుర్రమొకటి బెదిరి పక్కనుంచి పరుగెత్తింది. అంతే, ఎండి ఉరికింది, కిందనున్న భూమిని లాగేసినట్టయింది. బియ్యం బస్తాల బండ్లు అడ్డం ఉండబట్టి ఆగింది గాని లేకుంటే ఎంతదూరం పోయేదో. ఇంటికొచ్చి సోమక్కతో, జర ఉరికింది, అన్నాడు. అంతకంటే చెప్పలేదు. ఆనాటినుంచి దాని చెవుల్లో దూది కుక్కుతున్నాడు, పైన ఎర్ర ఉన్ని కుచ్చులు కట్టి. అందం కోసమనుకుంటారు అందరూ. హన్మకొండ రోడ్డు మీద పిల్లల టాంగా ఇంకొకటి ఉంది, సారయ్యది. సారయ్య రోజూ ముందు పోతాడు. ముందు పోయి, వెనక్కి రావడానికి ఇంకో దారి పడతాడు. రాజమల్లు కావాలనే ఆలస్యంగా కదులుతాడు. రోజూ అలాగే జరుగుతోంది, ఇవాళా జరుగుతుంది. ఇవాళ వానకు దూది తడిసి ముద్దయితే పొద్దున్నే తీసి పారేశాడు, ఆరింది ఇంట్లో లేదు. ఒక్కరోజే కదా. సారయ్య ఈపాటికి బడి దగ్గరే ఉంటాడు. ఉంటాడా? పోచమ్మ మైదానం దగ్గర టీ కొట్టు ముందర చక్రం తడుముతూ వంగి ఉన్నది ఎవరు? సారయ్య కాదు. సారయ్యే అయితే బండిలో పిల్లలు ఉండాలి కదా. చూడలేదు. చూడకుండా తల తిప్పుకున్నాడు కదా తను, చూస్తే నిజమవుతుందన్నట్టు.

మొదట విన్నది రాజమల్లు కాదు. ఎండి చెవులు రెండూ ఒక్కసారి వెనక్కి తిరిగాయి. ఎర్ర కుచ్చులు ఊగి ఆగాయి. తరువాత దాని వీపు మీద ఒక అల లాంటిది పరుగెత్తింది, ఈగ వాలితే చర్మం వణికినట్టు, కానీ ఈగ లేదు. రాజమల్లూ చెవి ఒగ్గాడు. అప్పుడు తనకూ వినిపించింది. దూరంగా, తడి రోడ్డు మీద, టకటక టకటక, చక్రం బాగు చేసుకుని ఆలస్యమైపోయినవాడి తొందర. చప్పుడు దగ్గరవుతోంది. పిల్లలు వెనక్కి చూసి సారయ్య బండిని గుర్తుపట్టారు, ఆ బండిలో పిల్లలు వీళ్లను గుర్తుపట్టారు, రెండు బండ్లలోనూ కేకలు, కేరింతలు. సారయ్య ముప్పై దాటినా పిల్లవాడి బుద్ధి పోనివాడు. పక్కకొచ్చి పళ్లన్నీ బయటపెట్టి నవ్వాడు. "రాజమల్లన్నా, సూపియ్యి జర నీ రేసుగుర్రం ఎంత ఉరుకుతదో."

"సారయ్యా, ఎనకకు తియ్యి. ఆటగాదు, ఎనకకు తియ్యి."

ఆ మాట పిల్లల కేకల్లో మునిగిపోయింది. సారయ్య గుర్రం తల ఎండి తలను దాటింది. ఒక్క మూరెడు.

కదలడం అని దాన్ని అనలేం. కుదుపు లేదు, దూకడం లేదు, ఎండి ఒళ్లు కిందికి దిగి సాగింది. వేలాడుతున్న పగ్గాలు ఇనుప కమ్మీల్లా బిగిశాయి. చెట్లు, కిరోసిన్ డిపో ముందర క్యూ, సైకిలు మీద పాలవాడు, అన్నీ పక్కలనుంచి చీల్చుకుని వెనక్కి పోతున్నాయి. రాజమల్లు కాళ్లు పలకకు తన్నిపెట్టి, వెనక్కి పడి గుంజాడు. గుంజితే ఆగాలి కదా, నాయన అదే నేర్పాడు, గుర్రానికి నోరే చుక్కాని అనేవాడు. అది కళ్లేన్ని పళ్ల మధ్య బిగబట్టి ఆ గుంజుడు మీదే ఆనుకుని పరుగెత్తుతోంది. ఎంత గుంజితే అంత బలం ఇచ్చినట్టవుతోంది. మెలికలు వేసుకున్న చేతులు తెగుతున్నాయి, తెగనీ, నొగలు విరుగుతాయా, విరిగితే బండి ముందుకు దిగి పిల్లలంతా దాని కాళ్ల కిందికి, వద్దు, పచ్చగుడ్డ, పచ్చగుడ్డ ఎవరు పడతారు ఈ రోడ్డు మీద, ఇక్కడ ఎవరూ లేరు, పడినవాళ్లను ఎత్తుకుపోయే తెల్ల మోటారు పక్కనుంచి రాదు, ప్రమీల తండ్రి పొద్దున బిడ్డను ఎత్తి కూర్చోబెడుతూ పైలం రాజమల్లన్నా అన్నాడు, రోజూ అంటాడు, రోజూ అనే మాట ఇవాళ ఎందుకు వినిపిస్తోంది. వెనక పిల్లల నవ్వులు మారిపోయాయి. ఇద్దరు ఇంకా కేరుతున్నారు, ఒకరు ఏడుపు ఎత్తుకున్నారు. పెద్ద దవాఖాన గోడ వచ్చింది, పోయింది. ముందర ములుగు రోడ్డు చౌరస్తా. పరకాలనుంచి, ములుగునుంచి వచ్చే బస్సులు ఆ మలుపులో వేగం తగ్గించవు.

"రాజమల్లన్నా." లిదియా టీచరమ్మ గొంతు. ప్రార్థన చెప్పించేటప్పటి గొంతే, ఒక్క పిసరు ఎక్కువ కాదు. "పిల్లల్ని కింద గడ్డిల కూసోబెడ్తాన. నువ్వు ఎనక సూడకు."

చూడలేదు. బండి బరువు మారడం వెన్నుకు తెలిసింది, ఊగిసలాడుతున్నది కాస్త నిలకడపడింది. సారయ్య బండి ఇంకా పక్కనే ఉంది. సారయ్య నవ్వు మాత్రం లేదు. వాడికీ ఇప్పుడు అర్థమైంది, తన గుర్రాన్ని గుంజుతున్నాడు, అది మామూలు టాంగా గుర్రం, గుంజితే వింటోంది, ఒక్కో మూరా వెనకబడుతోంది. సారయ్య గుర్రం తల కనుమరుగైంది. కానీ డెక్కల చప్పుడు పోలేదు. చప్పుడు ఉన్నంతసేపూ ఇది ఆగదు. చౌరస్తాలో బస్సు హారన్ వినబడింది. ఎటునుంచో తెలియదు. రాజమల్లు కళ్లు మూసుకున్నాడు, ఒక్క క్షణం, మూసుకోవాలని కాదు, కళ్లే మూతపడ్డాయి. రెప్పల వెనక పచ్చగుడ్డ. గుడ్డ వెనక టపాకాయ. ఎప్పుడూ అక్కడే ఆగిపోయేది ఇవాళ ఆగలేదు. ఆ గుడ్డ కట్టకముందు మిగతా గుర్రాలు ముందుకు పోతున్నాయి. అవును, పోయాయి కదా. పందెం ఆగలేదు కదా. కటకటాలు పట్టుకుని తను చూశాడు కదా. గెలుపు స్తంభం దాటాయి, జనం అరిచారు, దాటినా అవి ఆగలేదు, అదే దూకుడు మీద ఉన్నాయి, అప్పుడు ఆ పిడికెడంత జాకీలు ఏం చేశారు? గుంజలేదు. ఒక్కడూ గుంజలేదు. వంగి ఉన్న నడుములు ఎత్తి నిటారుగా నిలబడ్డారు, చేతులు కిందికి దించేశారు, పగ్గాలు జారవిడిచారు. గుర్రాలు ఇంకొంత దూరం పరుగెత్తి, వాటంతట అవే, ఎవరో అయిపోయిందని చెవిలో చెప్పినట్టు...

విడిచిపెట్టడం ఎలా? చేతులు ఒప్పుకోవడం లేదు. ఇన్నేళ్లుగా ప్రాణం పోయినా పగ్గం వదలొద్దని నేర్చిన చేతులు. వీపు వెనక గడ్డిలో ముడుచుకున్న పిల్లలు, వాళ్లకూ ఈ పరుగుకూ మధ్య ఉన్నది ఈ పిడికిళ్లే. విడిచాక ఆగకపోతే? కొమురెల్లి గుంజకు అన్నాడు గాని విడువు అనలేదు. ఆగకపోతే తనే చంపినట్టు. గుంజినా చంపినట్టే. రాజమల్లు కూర్చున్న పలక మీదనుంచి లేచి నిలబడ్డాడు. ముందు ఒక మెలిక విప్పాడు, తరువాత రెండోది. చేతులు కిందికి దించాడు. పగ్గాలు ఎండి వీపు మీద మెత్తగా వాలాయి.

అది ఇంకా ముందుకే పోయింది. నోటికి ఆనుకోవడానికి ఏమీ లేక, మెట్టు ఉందనుకుని కాలు వేసినవాడిలా తల ఒకసారి తూలి కిందికి దిగింది. రాజమల్లు ఏదో అంటున్నాడు, ఏమంటున్నాడో తనకు తెలియదు, సోమక్క మక్కలు పెట్టేటప్పుడు అనే మాటలే కాబోలు, ఎండీ, అయిపోయిందే, అయిపోయింది బిడ్డా. చౌరస్తా పెద్దదవుతోంది. బస్సు ఎర్రటి మూతి కుడివైపునుంచి బయటికొచ్చింది. ఎండి చెవి ఒకటి ముందుకు తిరిగింది. ఒకటి ఇంకా వెనక్కే ఉంది. వెనక చప్పుడు లేదు, సారయ్య తన బండిని పూర్తిగా ఆపేశాడు. రెండో చెవి కూడా ముందుకొచ్చింది. దూకుడు దౌడయింది, దౌడు నడకయింది. పాన్ డబ్బా దగ్గరికి వచ్చేసరికి ఎవరో చెప్పినట్టు ఎండి నిలబడింది. ములుగు బస్సు వాళ్ల ముందరనుంచి పోయింది, కిటికీల్లో మనుషులు అటే చూస్తూ, నీళ్లు చిమ్ముకుంటూ.

రాజమల్లు దిగాడు. దిగి గుర్రం తల పట్టుకున్నాడు. దాని నోటి నురగలో ఎర్రటి జీరలు ఉన్నాయి, అవి దాని నోటివో తన అరచేతులవో తెలియలేదు. ఛాతీ మీద చెయ్యి వేస్తే లోపల గుండె గోడకేసి కొట్టుకుంటోంది. కళ్లలో తెల్లగుడ్డు కనిపిస్తోంది. గెలిచిన దాని కళ్లు కావు అవి. ఆ పడిపోయినదాని మీదినుంచి దూకిన రోజు కూడా ఇలాగే ఉండి ఉంటాయి. ఇన్నాళ్లూ దీన్ని చూసి తను భయపడ్డాడు గాని, ఇది దేన్ని చూసి పరుగెత్తుతోందో ఒక్కనాడూ ఆలోచించలేదు. లిదియా టీచరమ్మ పిల్లలను ఒక్కొక్కరినే దింపుతోంది, జుట్టులోని గడ్డి తీస్తోంది, ఎవరి చేతులు వాళ్లవేనా అన్నట్టు తడిమి చూస్తోంది. ఎవరికీ ఏమీ కాలేదు. అప్పుడు ఆమె రోడ్డు పక్కకు వెళ్లి, పిల్లలకు వీపు తిప్పి, పొద్దున తిన్నది కక్కుకుంది. పైట కొంగుతో మూతి తుడుచుకుని వచ్చి, అతని అరచేతులు చూసి, తన చేతిగుడ్డ చింపి కట్టింది.

"ఎట్ల ఆగిందన్నా?"

"నేను ఆపలే టీచరమ్మా. గుంజుడు బంద్ జేసిన."

ఆమె పిల్లల దగ్గరికి వెళ్లింది. సారయ్య బండి దిగి నడుచుకుంటూ వచ్చి, దూరంగానే ఆగిపోయాడు. నేను తమాషకు అన్న అన్నా, అని గొణిగాడు. రాజమల్లు తల ఊపాడు. సారయ్యను తిట్టడానికి కూడా ఒంట్లో ఏమీ మిగల్లేదు. రేపటినుంచి ఈ పిల్లల్ని కూడా నువ్వే తీసుకుపో, రెండు తేపలు తిరుగు, అన్నాడు. మరి నువ్వో, అన్నాడు సారయ్య. అడ్తి దుకాణాల బస్తాలు మోస్తాం, నేను, ఇదీ, మెల్లగా. బస్తాలు మమ్మల్ని ఉరికియ్యమనవు. అది చెప్పాకే మోకాళ్లు వణకడం మొదలయింది. పరుగు జరిగినంతసేపూ ఎక్కడ దాక్కుందో ఆ వణుకు, ఇప్పుడు పాదాలనుంచి పళ్లదాకా పాకింది. దాచుకుందామని గుర్రం మెడకు ఆనుకున్నాడు. ప్రమీల వచ్చి ముందర నిలబడి, తల ఎత్తి చూసింది.

"మామా, నీకు సలి పెడ్తాందా?"

"లేదు బిడ్డా. భయమైతాంది."

అన్నది తనేనా అని రాజమల్లు ఒక్క క్షణం ఆగాడు. సారయ్య విన్నాడు. పాన్ డబ్బావాడు విన్నాడు. ఏమీ కాలేదు. ప్రమీల మాత్రం నమ్మనట్టు మొహం పెట్టింది.

"ఎందుకు? మనమే గదా ఫస్ట్ అచ్చింది."

"అవును బిడ్డా," అన్నాడు రాజమల్లు, గుడ్డ కట్టిన చేతిని ఎండి మెడమీదనుంచి తీయకుండా. "గందుకే."

టీచరమ్మ పిల్లలను చేయీ చేయీ పట్టించి వరసగా చౌరస్తా దాటించింది. ఎండి వాళ్లు పోతున్న వైపు తల తిప్పి చూస్తూ నిలబడింది, దాని ఊపిరి ఇంకా కుదురుకోలేదు. రాజమల్లు తొందరపెట్టలేదు. తనదీ కుదురుకోలేదు.